మూడున్నర అడుగుల గీత

కుట్టు కార్ఖానాలో అందరూ ఆయన్ని మాస్టారనే పిలిచేవారు. కత్తెర బల్ల దగ్గర నిలబడ్డన్నాళ్ళూ అలాగే పిలిచారు. అక్కణ్ణించి తీసేసి గుండీల బల్ల దగ్గర కూర్చోబెట్టాక కూడా అలాగే పిలిచారు. మొదట అది గౌరవం, తర్వాత అలవాటు. ఆ తేడా పిలిచేవాళ్ళకి తెలియలేదు. పలికేవాడికి తెలిసింది.

ఇరవై రెండేళ్ళు ఆయన బడిపిల్లల బట్టలే కత్తిరించాడు. వీధిలో ఎదురొచ్చే పిల్లల మొహాలు ఆయనకి గుర్తుండేవి కావు. భుజం నుంచి మోకాలి దాకా ఎంతో అదే గుర్తుండేది. తొమ్మిదేళ్ళ సైజు, ఛాతీ కాస్త తక్కువ, అనుకుని పక్కకి తప్పుకునేవాడు. పిల్లల బట్టకి లోపల మడత వదిలి కుట్టాలని, పిల్ల పెరిగినట్టు బట్ట పెరగదని, కొత్తగా పనిలో చేరినవాళ్ళకి చెప్పేవాడు. అంతకు మించి మాట్లాడే మనిషి కాదు.

ఆయనకి పని నేర్పింది ఒక ముసలి కటింగ్ మాస్టరు. తప్పు చేస్తే చెక్క స్కేలుతో వేళ్ళ కణుపుల మీద కొట్టేవాడు. సాయంత్రం తనే ఆ వేళ్ళకి నూనె రాసేవాడు. ఆయన నేర్పిన మొదటి పాఠం బట్ట గురించి కాదు, టేపు గురించి. ప్రతి నెలా మొదటి రోజున, కత్తెర పట్టుకునే ముందు, బల్ల అంచుకి బిగించిన, అంగుళాల గీతలున్న ఇత్తడి బద్ద పక్కన టేపుని పరిచి చూసుకోవాలి. గుడ్డ టేపు సాగుతుంది. ఎవరూ లాగకపోయినా, మెడలో వేలాడి వేలాడి తన బరువుకి తనే సాగుతుంది. "మనిషి అబద్ధమాడితే మొహంలో తెలుస్తుందిరా. టేపుకి మొహం లేదు," అన్నాడు ముసలాయన. పని మానేసి వెళ్ళిపోయే రోజున తన మెడలో టేపు తీసి శిష్యుడి మెడలో వేశాడు.

చాలా ఏళ్ళు ఆ పాఠం తప్పలేదు. తర్వాత తప్పింది. ఏ నెలలో తప్పిందో ఆయన చెప్పలేడు. మానేసిన పనికి తేదీ ఉండదు.

ఆయన ఉండేది మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ముందు గది కిటికీలోంచి చూస్తే బస్సులు ఆగే షెడ్డు గోడ కనిపిస్తుంది. భార్య ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని చేసేది. ఇంట్లో కూడా ఏ గుడ్డ చేతికొచ్చినా నాలుగు మడతలు వేసి గాని వదిలేది కాదు. ఆయనకి ప్రతి ఆదివారం సెలవు. ఆమెకి ఆదివారం విడిచి ఆదివారం.

పిల్లలు ముగ్గురు. పెద్దమ్మాయికీ నడిపివాడికీ మధ్య ఏడేళ్ళు. నడిపివాడికీ చిట్టిదానికీ మధ్య అయిదేళ్ళు. "మన బస్సులు కూడా ఇంత ఆలస్యంగా రావు మాస్టారూ," అని కింది అంతస్తు డ్రైవరు ఒకసారి అంటే, ఆయన కూడా నవ్వాడు. నవ్వులాటగా అన్న మాటే గాని, ఆయనకున్న కష్టం అదే. ముగ్గురినీ ఒకే చోటికి తీసుకెళ్ళడమంటే మూడు సైజుల పిల్లలకి ఒకే చొక్కా కుట్టడం.

అందుకని ఆయన షికారు వెళ్ళే ముందు ప్లాను గీసేవాడు. కార్ఖానాలో మిగిలిపోయిన గోధుమరంగు కాగితం మీద, సుద్దతో. పరిచిన బట్ట మీద ముక్కలు గీసేటప్పుడు ఒక పద్ధతి ఉంది. పెద్ద ముక్కలు ముందు పరవాలి. వీపు, ఎదురు, కాళ్ళు. కాలరు, జేబు లాంటి చిన్నవాటిని మిగిలిన సందుల్లో ఇరికించాలి. అప్పుడే బట్ట వృథా పోదు. ఇంట్లో మాత్రం ఈ పద్ధతి తిరగబడేది. ముందు చిట్టిదాని ముక్కలు. ఒంటి గంటకి నిద్ర. తిన్న అరగంట దాకా బస్సెక్కితే వాంతి. తర్వాత నడిపివాడి ముక్కలు. వాడికి గంటకోసారి ఆకలి. గుర్రం గుడ్డిదైనా దాణాకి లోటు లేదని వాళ్ళమ్మ అనేది, ఎందుకంటే దారిలో చూపించిన ఏ వింతనీ వాడు సరిగా చూసేవాడు కాదు. ఈ ఇద్దరికీ పోగా మిగిలిన సందులో పెద్దమ్మాయిని ఇరికించేవాడు. ఎక్కువసార్లు ఆ సందు ఒక సిమెంటు బల్ల అయ్యేది. దాని మీద కూర్చుని చిట్టిదాని చెప్పులూ నీళ్ళ సీసా చూసుకుంటూ ఉండేది.

"కాగితం మీద గీతలు చూసి బస్సులు ఆగవండీ," అనేది భార్య. అంటూనే కాగితంలో రాసినన్ని గుడ్లు ఉడకబెట్టేది.

పెద్దమ్మాయి ఎన్నడూ ఏమీ అడగలేదని కాదు. ఒకటి అడిగింది. అప్పటికి దానికి ఆరేళ్ళు, ఇంకా ఒక్కతే. సాయంత్రం బస్సులో తిరిగొస్తుంటే దూరంగా సముద్రం ఒడ్డున లైట్‌హౌస్ వెలిగింది. వెలుతురు ఒక చుట్టు తిరిగి బస్సు అద్దం మీదుగా పోయింది. పైనించి చూస్తే మన ఇల్లు కనిపిస్తుందా, అని అడిగింది. కనిపిస్తుంది, తీసుకెళ్తాను, అన్నాడు. వెళ్ళి కనుక్కున్నాడు కూడా. ఆదివారాలు జనాన్ని పైకి పంపుతారు. నూట అరవై మెట్లు. తలుపు పక్కన గోడ మీద ఎర్ర రంగుతో ఒక గీత ఉంది. మూడున్నర అడుగులు. ఆ గీతకి తల తగలని పిల్లల్ని మెట్లెక్కనివ్వరు. పెద్దమ్మాయి అప్పటికి రెండు వేళ్ళు తక్కువ.

అది గీత దాటేసరికి నడిపివాడు పుట్టాడు. చంటివాణ్ణి కింద వాళ్ళమ్మ దగ్గర ఉంచి తండ్రీ కూతుళ్ళిద్దరూ ఎక్కి రావచ్చు. వెళ్ళేవాళ్ళే. ఆ మధ్యలో ఒకసారి ఎగ్జిబిషన్‌లో ఆయన పెద్దమ్మాయిని తీసుకుని రంగులరాట్నం ఎక్కాడు. కింద మూడేళ్ళ నడిపివాడు ఏడ్చి ఏడ్చి తల్లి చెయ్యి విదిలించుకుని జనంలో తప్పిపోయాడు. గంటన్నర తర్వాత జనరేటర్ వెనక, వేడి గొట్టానికి బెత్తెడు దూరంలో నిద్రపోతూ దొరికాడు. ఆ రోజు భార్య ఒక్కటే మాట అంది. ఎక్కితే అందరం ఎక్కుదాం, లేకపోతే ఎవరం ఎక్కొద్దు. అప్పటినుంచి ఆ ఇంట్లో అదే చట్టం.

నడిపివాడు గీత దాటిన ఏడు చిట్టిది పుట్టింది.

గుమ్మం చెక్క మీద ముగ్గురి ఎత్తులూ పెన్సిల్ గీతలుగా ఉండేవి. ఏడాదికో గీత, పక్కన తేదీ. పెద్దమ్మాయి గీతలు పద్నాలుగో ఏట ఆగిపోయాయి. ఇంక పెరగనులే నాన్నా అని తనే మానేసింది. ఆ పైన ఆయన చూపంతా కింది గీతల మీదే. చిట్టిది ఎప్పుడు మూడున్నర అడుగులు దాటుతుందా అని. బంధువులంతా పెద్దమ్మాయిని సర్దుకుపోయే పిల్ల అనేవారు. ఆయన ఆ మాటకి సంతోషించేవాడు.

నిరుడు బడులు తెరిచాక కార్ఖానాలో ఒక గొడవ జరిగింది. సెలవులకి ముందే ఒక బడికి వెళ్ళి రెండు వందల మందికి ఆయనే కొలతలు తీశాడు, మెడలో ఉన్న తన టేపుతో. ఆయనే కత్తిరించాడు, బల్ల మీది ఇత్తడి బద్దతో. పంపిన బట్టల్లో సగానికి పైగా తిరిగొచ్చాయి. చంకల్లో పట్టేస్తోంది. నడుము దగ్గర గుండీ పడదు. వాటిని విప్పి, లోపలి మడత వదిలి, మళ్ళీ కుట్టి పంపడానికి పది మందికి వారం పట్టింది.

సెలవుల్లో పిల్లలు పెరిగారు, అన్నాడు ఆయన.

సూపర్‌వైజరు చెడ్డవాడు కాదు. కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని దానికోసం బల్లంతా వెతుక్కునే రకం. "బడి మొత్తం ఒకేసారి పెరిగిందా మాస్టారూ?" అన్నాడు. కుట్టేవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. వయసు మీద పడింది, చూపు మందగించింది, చెయ్యి వణుకుతోంది, అని తలా ఒకటి అనుకున్నారు. కంటిని అనుమానించారు, చేతిని అనుమానించారు. టేపుని ఎవరూ అనుమానించలేదు. బుధవారం నాడు ఆయన్ని గుండీల బల్లకి మార్చారు.

ఇంట్లో ఈ సంగతి భార్యకి చెప్పాడు. సూపర్‌వైజరు అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాడు, నవ్వు కూడా కలిపి. పక్క గదిలో పెద్దమ్మాయి చదువుకుంటోంది. నా కొలత తప్పలేదు, అన్నాడు. ఆ వారమంతా అదే మాట. చెయ్యి కడుక్కుంటూ, చెప్పులు వేసుకుంటూ, ఎవరూ అడక్కుండానే.

ఆ వారం చివర ఆదివారానికి లైట్‌హౌస్ ప్లాను ముందే గీసి ఉంది. శనివారం సాయంత్రం చిట్టిదాన్ని గుమ్మానికి ఆనించి నిలబెట్టి, తల మీద అట్టముక్క పెట్టి, పెన్సిల్‌తో గీత గీశాడు. టేపు జార్చి చూశాడు. నలభై ఒకటి. మూడున్నర అడుగులంటే నలభై రెండు. మళ్ళీ కొలిచాడు. మళ్ళీ నలభై ఒకటే. మూడోసారి కూడా.

"ఒక్క అంగుళమేగా. జుట్టు పైకెత్తి ముడేస్తాను, సరిపోతుంది," అంది భార్య.

ఆయన ఆమె మీద ఎప్పుడూ గొంతు పెంచలేదు. ఆ రోజు పెంచాడు. "కొలతంటే కొలతే."

ఆయన పాల కోసం కిందికి దిగి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి పెద్దమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "వచ్చే ఏడు వెళ్దాంలే నాన్నా," అంది. మర్నాడు బాతుల చెరువుకి వెళ్ళారు. అక్కడ చిట్టిది బాతులకి రొట్టె వేసింది, నడిపివాడు బాతుల రొట్టె తిన్నాడు, పెద్దమ్మాయి సిమెంటు బల్ల మీద కూర్చుంది.

ఏడాది గడిచింది. పెద్దమ్మాయికి వేరే ఊళ్ళో నర్సుల శిక్షణలో సీటు వచ్చింది. మూడేళ్ళు హాస్టల్లో ఉండాలి. సోమవారం పొద్దున బయలుదేరాలి. అంటే మిగిలింది ఒకే ఆదివారం. భార్యకి అది సెలవు కాదు. పక్క టేబులావిడకి రెండు ఆదివారాలు బదులిచ్చి ఆ ఒక్కటి తీసుకుంది.

ఈసారి ఆయన కాగితం మీద పెద్ద ముక్క ముందు పరిచాడు. నడిమధ్యన, పదకొండు గంటలకి, ఎండ ముదరక ముందే, అందరూ మెట్లెక్కడం. మిగతావన్నీ దాని చుట్టూ సర్దాడు. నడిపివాడి ఆకలి మెట్లెక్కే ముందు. చిట్టిదాని నిద్ర కిందికి దిగాక, గోడ నీడలో. చిట్టిదాన్ని కొలవాల్సిన పని కూడా లేదు, ఎవరు చూసినా తెలుస్తోంది. పెద్దమ్మాయికి కాగితం చూపించాడు. అది సుద్ద గీతని వేలితో తడిమి, చెరిగిపోతుందని వేలు తీసేసింది. "బాగుంది నాన్నా," అంది.

ఆదివారం బస్సు వేళకే వచ్చింది. చిట్టిది వాంతి చేసుకోలేదు. బస్సు దిగాక సముద్రం గట్టు వెంబడి నడక. నడిపివాడు ఎన్ని మెట్లని, పైన తినడానికి ఏమైనా ఉంటుందా అని అడిగాడు. "నీ కోసం హోటలు పెట్టారట," అంది వాళ్ళమ్మ. వాడు నమ్మి కాస్త వేగం పెంచాడు. పెద్దమ్మాయి అందరికన్నా ముందు నడుస్తోంది. అది అలా ముందు నడవడం ఆయన చూసి చాలా కాలమైంది. ఎప్పుడూ వెనక ఉండేది, చిట్టిదాని నడకకి తగ్గట్టు.

తలుపుకి తాళం ఉంది. తాళం మీద తుప్పు ఉంది. నీడలో స్టూలు వేసుకుని కూర్చున్న కాపలాదారు లేవకుండానే చెప్పాడు. లోపల ఇనప మెట్లని తుప్పు తినేసింది. వానల్లో ఒక మెట్టు ఊడి కింద పడింది, అదృష్టం కొద్దీ అప్పుడు ఎవరూ లేరు. అప్పటినుంచి ఎవర్నీ ఎక్కనివ్వడం లేదు. బాగుచేస్తారా అంటే, ఇప్పుడు ఓడలకి దీని అవసరం లేదు, ఎవరు చేయిస్తారు, అన్నాడు. "నిరుడు ఈపాటికి కిటకిటలాడేదండీ. క్యూ ఆ గట్టు దాకా ఉండేది."

ఆయన తలుపు వైపు చూస్తూ నిలబడ్డాడు. వచ్చే ముందు కనుక్కోవాలని ఎవరికీ తట్టలేదు. పదకొండేళ్ళుగా అది అక్కడే ఉంది. ఎదగాల్సింది పిల్లలే అనుకున్నారు.

చిట్టిది ఒక్కతే గోడ దగ్గరికి పరిగెత్తింది. ఎర్ర గీత ఇంకా ఉంది. దానికి వీపు ఆనించి, మడమలు నేలకి అదిమి, ఊపిరి బిగబట్టి నిలబడింది. గీత దాని చెవుల దగ్గర ఉంది.

"చూడు నాన్నా. నేను దాటాను."

"దాటావులే తల్లీ," అన్నాడు కాపలాదారు. "నువ్వు దాటేసరికి అది ఆగిపోయింది."

పెద్దమ్మాయి తల వెనక్కి వంచి పైదాకా చూసింది. ఎంతసేపో చూడలేదు. తర్వాత సంచీ దించి గోడ నీడలో దుప్పటి పరిచింది. గుడ్లు ఒలిచింది. నడిపివాడు మూడు తిన్నాడు. ఒంటి గంటకి చిట్టిది దాని ఒడిలో నిద్రపోయింది, కాగితం మీద గీసినట్టే. ఎక్కడం ఒక్కటి తప్ప ఆ రోజు అన్నీ కాగితం మీద గీసినట్టే జరిగాయి.

ఇంటికొచ్చేసరికి ఇంకా వెలుతురుంది. పెద్దమ్మాయి పెట్టె సర్దుకుంటూ, చివరికి యూనిఫామ్ తొడుక్కుని చూసుకుంది. రెండు జతలు ఆయనే కుట్టాడు. శనివారం పని అయ్యాక సూపర్‌వైజరుని అడిగి, ఏడాది తర్వాత మొదటిసారి, కత్తెర బల్ల దగ్గర నిలబడి కత్తిరించాడు.

"చేతులు ముందుకి చాస్తే వీపు మీద పట్టేస్తోంది నాన్నా."

"హాస్టలు తిండికి అదే వదులవుతుందిలే," అంది తల్లి పక్క గదిలోంచి.

ఆయన నవ్వలేదు. దగ్గరికి వచ్చి వీపు మీద కుట్టు తడిమి చూశాడు. మళ్ళీ కొలిచాడు. పిల్ల ఒళ్ళు తను రాసుకున్నంతే ఉంది, నూలు పోగు తేడా లేదు. ఇంకో జత మంచం మీద పరిచి దాన్నీ కొలిచాడు. తను కత్తిరించినదానికన్నా ముప్పాతిక అంగుళం తక్కువ చూపించింది. ఉతకని బట్ట ముడుచుకోదు.

తర్వాత నడిపివాణ్ణి పిలిచి వాడి బడి స్కేలు తెమ్మన్నాడు. టేపుని నేల మీద పరిచి పక్కన స్కేలు పెట్టాడు. స్కేలు మీద అడుగు పూర్తయినచోట టేపు పదకొండూ ముప్పాతిక కూడా చేరలేదు. సాగిన టేపు ప్రతి కొలతనీ తక్కువ చూపిస్తోంది.

ఇంట్లో కుట్టిన బట్టలు ఎప్పుడూ ఎందుకు సరిపోయాయో ఆయనకి అప్పుడు అర్థమైంది. ఇంట్లో కొలిచేదీ ఆ టేపే, కత్తిరించేదీ ఆ టేపే. ఒకే అబద్ధం రెండుసార్లు చెబితే లెక్క సరిపోతుంది. ఈ యూనిఫామ్‌కి ఒళ్ళు టేపుతో కొలిచి, బట్ట ఇత్తడి బద్దతో కత్తిరించాడు. ఆ రెండు వందల బట్టలకీ అంతే. పిల్లలు పెరగలేదు.

ఆయన లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. నిరుటి తేదీ ఉన్న గీత వెతికాడు. మోకాళ్ళ మీద కూర్చుని నేల దగ్గర్నించి స్కేలు నిలబెట్టాడు. ఒక అడుగు, గోటితో గుర్తు. రెండు. మూడు. ఆ పైన ఆరు అంగుళాలు, ఇంకా కాస్త.

"నలభై రెండుంబావు," అంది పెద్దమ్మాయి వెనకనించి.

ఆయన తల తిప్పి చూశాడు. ఆయనింకా లెక్క పైకి చెప్పలేదు.

"నీకెలా తెలుసు?"

"నిరుడే కొలిచాను. నువ్వు పాలకి వెళ్ళావు చూడు, అప్పుడు. నా జామెట్రీ బాక్సులో స్కేలుతో."

"మరి చెప్పలేదేం?"

అది చేతి గుండీ విప్పుకుంటోంది. బిగుతుగా ఉండి గుండీ తొందరగా రాలేదు. "ఆ వారమే కదా నాన్నా, నిన్ను ఆ బల్ల దగ్గర్నించి తీసేసింది. నా కొలత తప్పలేదు, నా కొలత తప్పలేదు అని తిరుగుతున్నావు. నీ టేపు తప్పని నేనెలా చెప్పను?"

ఆయన స్కేలు నేల మీద పెట్టాడు.

"లైట్‌హౌస్ ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను," అంది.

గుండీ వచ్చింది. లోపలికి వెళ్ళి బట్టలు మార్చుకుని, యూనిఫామ్ తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన కిటికీ దగ్గర కూర్చున్నాడు. బ్లేడుతో పక్క కుట్లు విప్పాడు. లోపల వదిలిన మడత ఉంది, అంగుళం దాకా. ఎవరికి కుట్టినా వదిలేవాడు. భార్య వచ్చి పక్కన కూర్చుంది. అన్నీ వినే ఉంటుంది. సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది. ఒక జత ఆయన కుట్టాడు, రెండోది విప్పి ఆమె కుట్టింది. విప్పిన పాత కుట్టు గుర్తులు సన్నటి చుక్కల వరసగా బట్ట మీద మిగిలాయి. రెండుసార్లు ఉతికినా పోవని ఇద్దరికీ తెలుసు.

సోమవారం పొద్దున పెద్దమ్మాయిని బస్టాండులో దిగబెట్టడానికి ఆయన ఒక్కడే వెళ్ళాడు. మిగతా ఇద్దరూ లేవలేదు, భార్యకి డ్యూటీ. పెట్టె మోసుకుంటూ దారిలో ఆయన ఒక్క మాటే చెప్పాడు. ఎడమ వైపు కూర్చో. సముద్రం రోడ్డు మీద నుంచి లైట్‌హౌస్ కనిపిస్తుంది. చివరికి ఆయన చేతిలో మిగిలిన ప్లాను అంతే.

బస్సు నిండిపోయి ఉంది. ఎడమ వైపు అన్ని కిటికీల దగ్గరా జనం ఉన్నారు. దానికి కుడి వైపు, వెనక, చక్రం మీది సీటు దొరికింది. కిటికీలోంచి తల బయటపెట్టి, "మధ్యలో ఎవరైనా దిగితే మారతాలే నాన్నా," అంది. ఆయన తల ఊపాడు. సముద్రం రోడ్డు దాటేదాకా ఆ బస్సు ఎక్కడా ఆగదని ఆయనకి తెలుసు. దానికీ తెలుసేమో. అడగలేదు.

అక్కణ్ణించి నేరుగా కార్ఖానాకి వెళ్ళాడు. ఇంకా ఎవరూ రాలేదు, సూపర్‌వైజరు ఒక్కడే ఉన్నాడు. కత్తెర బల్ల దగ్గరికి వెళ్ళి, మెడలో టేపు తీసి ఇత్తడి బద్ద పక్కన పరిచాడు. ముడతలు లేకుండా రెండు చేతులతోనూ నిమిరాడు. సూపర్‌వైజరు వచ్చి చూశాడు. నుదుటి మీది కళ్ళజోడు దించుకుని మళ్ళీ చూశాడు.

"నిరుటి బట్టలా?"

"అవును. పిల్లలు పెరగలేదు."

"ఏడాదైంది కదా మాస్టారూ. నేనెప్పుడో మర్చిపోయాను. ఇప్పుడు చెప్పి ఏం లాభం?"

లాభం గురించి ఆయన ఆలోచించి రాలేదు. చెయ్యి తప్పు కాదని చెప్పడానికి వచ్చాడో, టేపు చూసుకోవాల్సింది తనే అని చెప్పడానికి వచ్చాడో, అక్కడ నిలబడ్డాక ఆయనకే తెలియలేదు. సూపర్‌వైజరు టేపుని చుట్టి ఆయన చేతిలో పెట్టాడు. కొత్తది ఒకటి తీసుకోండి స్టోరులో, అని వెళ్ళిపోయాడు.

ఆయన గుండీల బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. పాత టేపు జేబులో పెట్టుకున్నాడు. ఎనిమిదింటికి అందరూ వచ్చారు, మిషన్లు మొదలయ్యాయి. ఈపాటికి బస్సు సముద్రం రోడ్డు దాటి ఉంటుంది. పక్క వరసలోంచి ఒకామె మాస్టారూ, తెల్ల గుండీలు ఇటివ్వండి, అని కేకేసింది. ఆయన వినలేదనుకుని రెండోసారి పిలిచింది. మూడోసారికి పలికాడు.